ఏమీ తోచని వేళ తోచినవి

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాను ఆగిపోయి, స్నేహితులంతా ఊళ్ళకు వెళ్ళిపోయి ఉంటే మీ నోటి నుంచి తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: "ఏమీ తోచడం లేదు." ఆ మాటను కొంచెం పరిశీలించండి. రాత్రంతా కొరుకుడు పడని లెక్క పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఉండగా తేలిపోతే అప్పుడు మీరేమంటారు? "నాకో ఉపాయం తోచింది" అంటారు. విసుగుకూ కొత్త ఊహకూ మన భాషలో క్రియ ఒక్కటే. అది తోచకపోతే విసుగు, తోస్తే ఆవిష్కరణ. ఇంగ్లీషువారికి ఈ సౌకర్యం లేదు. విసుగుకు వాళ్ళు ఇప్పుడు వాడే నామవాచకం వాడుకలోకి వచ్చిందే పందొమ్మిదో శతాబ్దం నడుమ.

భాషలో కనిపించే ఈ చుట్టరికం నిజంలోనూ ఉందా? ఖాళీగా కూర్చుని, మనసును దాని దారిన వదిలేస్తే పనికివచ్చే ఆలోచనలు పుడతాయా? లేక ఇది సోమరిపోతులు తమను తాము సమర్థించుకోవడానికి చెప్పే మాటా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక మంచి చోటు ఉంది. అది ప్రయోగశాల కాదు, ఓడ.

విమాన ప్రయాణాలు రాకముందు మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళాలంటే ఓడే గతి. బొంబాయిలో ఎక్కితే అరేబియా సముద్రం, ఏడెన్, ఎర్ర సముద్రం, సూయజ్ కాలువ, మధ్యధరా సముద్రం దాటి వెళ్ళడానికి రెండు మూడు వారాలు పట్టేది. అన్ని రోజులూ ప్రయాణికుడికి ప్రయోగశాల ఉండదు, గ్రంథాలయం ఉండదు, పాఠం చెప్పవలసిన తరగతి ఉండదు, పై అధికారి పిలుపు ఉండదు. ఎటు చూసినా నీళ్ళు. పెట్టెలో తెచ్చుకున్న నాలుగు పుస్తకాలు, జేబులో ఉన్న వస్తువులు, తలలో ఉన్న సరుకు, ఇంతే ఆస్తి. ఇరవయ్యో శతాబ్దంలో భారతీయ భౌతికశాస్త్రానికి పేరు తెచ్చిన రెండు పరిశోధనల మొదళ్ళు ఇలాంటి ఓడ ప్రయాణాల్లోనే ఉన్నాయి. పైగా ఆ ఇద్దరు ప్రయాణికులూ ఒకే కుటుంబం వారు.

నీలిరంగు ఎవరిది?

మొదటి ప్రయాణికుడు చంద్రశేఖర వెంకటరామన్. ఆయన 1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగంలో చేరాడు. కలకత్తాలో ఆఫీసుకు వెళ్ళేముందు, ఆఫీసు నుంచి వచ్చాక, బౌబజారు వీధిలో ఉన్న ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలలో పరిశోధన చేసేవాడు. 1917లో ఉద్యోగం వదిలి కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ప్రొఫెసర్ అయ్యాడు. అంటే పద్నాలుగేళ్ళుగా ఆయనకు తీరిక అన్నది తెలియదు. 1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సామ్రాజ్య విశ్వవిద్యాలయాల సమావేశానికి కలకత్తా ప్రతినిధిగా వెళ్ళాడు. అదే ఆయన మొదటి విదేశీ ప్రయాణం. అప్పటికి వయస్సు 32.

తిరుగు ప్రయాణం సెప్టెంబరులో, పి అండ్ ఓ కంపెనీ వారి 'నార్కుండా' అనే ఓడ మీద. మధ్యధరా సముద్రపు ముదురు నీలిరంగు రామన్‌ను పట్టేసింది. మీరైనా నేనైనా "ఎంత బాగుందో" అనుకుని ఊరుకుంటాం. ఆయన ఊరుకోలేదు. ఎందుకంటే ఆ రంగుకు కారణమేమిటో అప్పటికే ఒక మహానుభావుడు చెప్పి ఉన్నాడు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో వివరించిన లార్డ్ రేలీ, సముద్రపు నీలిమ నీటిది కాదనీ, నీటి మీద పడి పరావర్తనం చెందిన ఆకాశపు రంగేననీ రాశాడు. రేలీ అంతటివాడు చెప్పాక ఇక ఎవరూ దాని జోలికి పోలేదు.

రామన్ జేబులో నికల్ పట్టకం ఒకటి ఉంది. కాల్సైట్ స్ఫటికంతో చేసే ఈ చిన్న పరికరం ఒక ప్రత్యేక దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చి, మిగతాదాన్ని ఆపేస్తుంది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. నీటి ఉపరితలానికి గీసిన లంబంతో సుమారు 53 డిగ్రీల కోణంలో పడిన కాంతి పరావర్తనం చెందితే, ఆ కాంతి పూర్తిగా ధ్రువణం చెందుతుంది, అంటే దాని కంపనాలన్నీ ఒకే దిశలో ఉంటాయి. కాబట్టి అదే కోణంలో సముద్రాన్ని చూస్తూ నికల్ పట్టకాన్ని తగిన విధంగా తిప్పితే, నీటి మీద మెరిసే ఆకాశపు ప్రతిబింబం మాయమైపోతుంది. రేలీ చెప్పింది నిజమైతే దానితోపాటు నీలిరంగు కూడా పోవాలి.

పోలేదు. పైపెచ్చు మరింత ముదురుగా, మరింత అందంగా కనిపించింది. ఆ నీలం ఆకాశం అరువిచ్చింది కాదు, నీటి లోపలి నుంచే వస్తోంది. నీటి అణువులు కూడా గాలి అణువుల్లాగే కాంతిని చెదరగొడుతున్నాయని, అంటే పరిక్షేపణం చేస్తున్నాయని రామన్ ఊహించాడు. ఓడ బొంబాయి రేవులో ఉండగానే, 1921 సెప్టెంబరు 26 తేదీ వేసి, 'నేచర్' పత్రికకు ఉత్తరం రాశాడు. అది నవంబరులో అచ్చయింది.

కలకత్తా చేరిన తరువాత ఆయన, ఆయన విద్యార్థులూ ద్రవాల్లో కాంతి పరిక్షేపణం మీద పడ్డారు. 1923లో కె.ఆర్. రామనాథన్‌కు నీటిలో చెదిరిన కాంతిలో ఒక అంతుపట్టని బలహీనమైన కాంతి కనిపించింది. అయిదేళ్ళు వదలకుండా దాన్ని వెంటాడారు. చివరికి కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, 1928 ఫిబ్రవరి 28న, మనం ఇప్పుడు రామన్ ఫలితం అని పిలిచేది బయటపడింది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ బడిలో ఏటా జాతీయ సైన్సు దినం జరిపేది ఆ తేదీనే. (సముద్రపు రంగు విషయంలో రామన్ చెప్పింది కూడా పూర్తి కథ కాదని తరువాత తేలింది. నీరు ఎర్రరంగు కాంతిని పీల్చుకోవడం ఇంకా ముఖ్యమైన కారణం. రేలీని రామన్ సవరించాడు, రామన్‌ను తరువాతివారు సవరించారు. సైన్సులో ఇది మామూలే.)

ఈ కథను చాలామంది "ఓడ మీద విశ్రాంతిగా ఉండగా ఆలోచన వచ్చింది" అని చెప్పి వదిలేస్తారు. నాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ఆ జేబు. అదే ఓడలో ఎంతోమంది ప్రయాణికులు ఉన్నారు. వాళ్ళకీ అదే సముద్రం, అదే విసుగు. కాని వాళ్ళ జేబుల్లో నికల్ పట్టకాలు లేవు, వాళ్ళ తలల్లో రేలీ వాక్యం లేదు. విసుగు అందరికీ సమానంగానే దొరికింది. ఆ విసుగులో పని చేయడానికి కావలసిన ముడిసరుకు మాత్రం పద్నాలుగేళ్ళు కూడబెట్టుకున్నవాడి దగ్గరే ఉంది.

పందొమ్మిదేళ్ళ కుర్రవాడు

రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చిన ఏడాదే, 1930 జులై 31న, ఆయన అన్నగారి కుమారుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ బొంబాయిలో ఓడ ఎక్కాడు. వయస్సు 19. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జికి వెళ్తున్నాడు. ఇంట్లో తల్లి తీవ్రంగా జబ్బుపడి ఉంది. తిరిగి వచ్చేసరికి ఆమె ఉండదేమో అన్న బెంగతోనే బయలుదేరాడు. (ఆ బెంగ నిజమైంది, ఆమె మరుసటి సంవత్సరమే మరణించింది.) ప్రయాణం మొదట్లో సముద్రం అల్లకల్లోలంగా ఉండటంతో ప్రయాణికులు జబ్బుపడ్డారు. సముద్రం శాంతించాక, చేయడానికి వేరే పనేమీ లేక, తనకు తెలిసిన ఒక సమస్యను మళ్ళీ తీసి తిరగేయడం మొదలుపెట్టాడు.

ఆ సమస్య శ్వేత కుబ్జ తారలది. సిరియస్ నక్షత్రం పక్కన ఒక మసక తోడు నక్షత్రం ఉంది. ద్రవ్యరాశిలో దాదాపు సూర్యుడంత, పరిమాణంలో భూమి అంత. అంత పదార్థాన్ని అంత చిన్న చోట కూరితే ఒక చెంచాడు ముక్క కొన్ని టన్నులు తూగుతుంది. ఇంధనం అయిపోయిన అలాంటి నక్షత్రం తన బరువుకు తానే ఇంకా ఎందుకు కూలిపోవడం లేదు? 1926లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు ఆర్.హెచ్. ఫౌలర్ దీనికి సమాధానం ఇచ్చాడు. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండకూడదన్నది క్వాంటం సిద్ధాంతపు నియమం. ఇరుకు చోట కుక్కిన ఎలక్ట్రాన్లు అందుకని ఒకదానికన్నా ఒకటి ఎక్కువ వేగాలు అందుకోక తప్పదు. సినిమా హాల్లో కింది తరగతి టిక్కెట్లు అయిపోతే పై తరగతి టిక్కెట్టు కొనక తప్పదు కదా, అలాగన్నమాట. ఆ వేగం వల్ల పుట్టే పీడనమే నక్షత్రాన్ని నిలబెడుతుంది. ఏ నక్షత్రమైనా చివరికి ఇలా శాంతంగా చల్లారిపోతుందని అందరూ తృప్తిపడ్డారు.

చంద్రశేఖర్ ఈ సిద్ధాంతాన్ని మద్రాసులోనే ఆకళింపు చేసుకుని, కొంత ముందుకు కూడా తీసుకువెళ్ళాడు. ఓడ మీద అతనికి ఒక మామూలు ప్రశ్న తోచింది. ఇంత సాంద్రత ఉన్నచోట, నక్షత్రం నట్టనడుమ, ఆ ఎలక్ట్రాన్ల వేగం ఎంతుంటుంది? లెక్క వేశాడు. కాంతి వేగానికి దగ్గరగా వచ్చింది. అలాగైతే ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఫౌలర్ తీసుకోలేదు. తీసుకుంటే తేడా స్వల్పంగానే ఉంటుందనుకుని లెక్క మొదలుపెడితే, ఫలితం తలకిందులైంది. ఎలక్ట్రాన్లు కాంతివేగాన్ని మించలేవు కాబట్టి, నక్షత్రాన్ని నొక్కేకొద్దీ పీడనం పెరగవలసినంత పెరగదు. ద్రవ్యరాశి ఒక హద్దు దాటితే గురుత్వాకర్షణను ఆ పీడనం ఆపలేదు. అంటే, బరువైన నక్షత్రాలకు శ్వేత కుబ్జంగా ప్రశాంతంగా ముగిసే యోగం లేదు.

ఈ హద్దును ఇప్పుడు చంద్రశేఖర్ అవధి అంటాం. సుమారుగా సూర్యుడి ద్రవ్యరాశికి 1.4 రెట్లు. 1931లో అచ్చయిన మొదటి చిన్న వ్యాసంలో అతను వేసిన విలువ 0.91. నక్షత్ర పదార్థం గురించిన అప్పటి అంచనా వేరుగా ఉండటమే ఆ తేడాకు కారణం. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఎడ్మండ్ స్టోనర్ కూడా వేరే దారిలో ఇలాంటి హద్దుకే చేరుకున్నాడు. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాలు చెప్పవు, చెప్పాలి. ఆ తరువాత 1935 జనవరి 11న లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో ఎడింగ్టన్ అంతటి పెద్దవాడు ఈ ఫలితాన్ని అందరి ముందూ ఎగతాళి చేయడం, చంద్రశేఖర్ చాలాకాలం ఆ విషయం వదిలి వేరే పరిశోధనల్లోకి వెళ్ళిపోవడం, చివరికి 1983లో నోబెల్ బహుమతి రావడం, అదంతా మరో వ్యాసానికి సరిపడే కథ.

మనకు ఇక్కడ కావలసింది ఆ డెక్ మీది కుర్చీ. మద్రాసులో ఉండగా ఈ ప్రశ్న ఎందుకు రాలేదు? పరీక్షలు, ప్రయాణ ఏర్పాట్లు, ఇంట్లో జబ్బుమనిషి. ఆ పద్దెనిమిది, పందొమ్మిది రోజులు పాస్‌పోర్టు, టిక్కెట్టు, సిలబస్ ఏవీ అడ్డురాని సమయం. అప్పటికే తెలిసిన విషయాన్ని ఏ తొందరా లేకుండా రెండోసారి చూడగలిగిన సమయం. నాకు తెలిసినంతలో ఆలోచనకు ఓడ చేసిన సహాయం అదే.

మెట్టు మీద కాలు పెడుతుండగా

ఇలాంటి అనుభవాలు చాలామంది శాస్త్రజ్ఞులకు ఉన్నాయి. 1843 అక్టోబరు 16న డబ్లిన్‌లో రాయల్ కెనాల్ గట్టున భార్యతో నడుస్తూ ఉండగా విలియం రోవన్ హామిల్టన్‌కు క్వాటర్నియన్ల సూత్రం తట్టింది. జేబులోని చాకుతో దాన్ని పక్కనే ఉన్న వంతెన రాయి మీద చెక్కేశాడు. డార్విన్ తన ఇంటి వెనక ఇసుకబాట వేయించుకుని రోజూ దాని మీద చుట్లు తిరిగేవాడు. హెల్మ్‌హోల్ట్జ్ 1891లో తన 70వ పుట్టినరోజు సభలో, మంచి ఆలోచనలు తనకు బల్ల దగ్గర ఎన్నడూ రాలేదనీ, ఎండ కాస్తున్న రోజున చెట్ల కొండలు మెల్లగా ఎక్కుతుంటే వచ్చేవనీ చెప్పాడు. కెకూలే పాము కల మీరు వినే ఉంటారు. అయితే ఆ కల గురించి ఆయన బహిరంగంగా చెప్పింది 1890లో, బెంజీన్ నిర్మాణం ప్రకటించిన పాతికేళ్ళకు. అందులో ఎంత కల, ఎంత కల్పన అన్న అనుమానం చరిత్రకారులకు ఉంది. కనుక దాన్ని పక్కన పెడదాం.

తన అనుభవాన్ని పరిశోధకుడి కళ్ళతో పరిశీలించి రాసినవాడు ఆంరీ పొయన్‌కారే. 1908లో పారిస్‌లో మనస్తత్వ శాస్త్రజ్ఞుల ముందు ఈ విషయం మీద ఉపన్యసించాడు. దాదాపు 1880 నాటి మాట. అప్పుడాయన కేన్ అనే ఊళ్ళో పాఠాలు చెప్పే యువకుడు. ఒక తరహా ప్రమేయాలు అసలు ఉండవని నిరూపించాలని పదిహేను రోజులు రోజూ గంటో రెండు గంటలో బల్ల ముందు కూర్చున్నాడు. కుదరలేదు. ఒక సాయంత్రం, అలవాటు లేని కాఫీ తాగి, నిద్రపట్టక పడుకుంటే, ఆలోచనలు గుంపులుగా వచ్చి ఒకదానితో ఒకటి ఢీకొన్నాయట. తెల్లవారేసరికి అలాంటి ప్రమేయాలు ఉన్నాయని తేలింది.

ఆ తరువాత గనుల కళాశాలవారు ఏర్పాటు చేసిన భూగర్భశాస్త్ర యాత్రకు వెళ్ళాడు. ప్రయాణపు హడావిడిలో లెక్కలన్నీ మరిచిపోయాడు. కూతాన్స్ అనే ఊళ్ళో షికారుకు వెళ్ళడానికి గుర్రబ్బండి బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. ఆ క్షణంలో, అంతకుముందు ఆలోచనల్లో దాని సూచనైనా లేకుండా, ఒక సంగతి తోచింది: తాను ఆ ప్రమేయాల కోసం వాడిన పరివర్తనలూ, యూక్లిడేతర జ్యామితిలోని పరివర్తనలూ ఒకటే. సరిచూసుకునే వ్యవధి లేదు. బస్సులో కూర్చుని, మధ్యలో వదిలిన కబుర్లు కొనసాగించాడు. ఇంటికి వచ్చాక తీరికగా సరిచూశాడు. సరిపోయింది. ఇంకోసారి అంకగణిత సమస్య ఒకటి ఎంతకూ తెగక, విసిగిపోయి సముద్రతీరానికి వెళ్ళి కొన్ని రోజులు గడిపితే, కొండ అంచున నడుస్తుండగా జవాబు వచ్చింది. మరోసారి సైన్యంలో పనిచేస్తున్న రోజుల్లో, వీధి దాటుతుండగా.

దీనికి పొయన్‌కారే ఇచ్చిన వివరణ నేటికీ చదవదగ్గది. ఆలోచనలను ఆయన గోడకు తగిలించిన కొక్కేల అణువులతో పోల్చాడు. మనం శ్రమపడి పనిచేసినప్పుడు వాటిలో కొన్నిటిని గోడ మీద నుంచి ఊడదీసి గాలిలోకి విసురుతాం. పని ఆపేసినా అవి ఆగవు. తిరుగుతూ, ఢీకొంటూ కొత్త జతలు కడతాయి. వాటిలో అందమైన పొందిక ఉన్న జత మాత్రమే మన స్పృహలోకి వస్తుంది. మొదట శ్రమ లేకపోతే గోడ మీది అణువులు కదలనే కదలవు. చివర మళ్ళీ శ్రమ లేకపోతే తోచింది నిజమో కాదో తెలియదు. ఈ రెండు షరతులూ ఆయన గట్టిగా చెప్పాడు. 1926లో ఇంగ్లండుకు చెందిన గ్రాహం వాలస్ ఈ అనుభవాలను నాలుగు మెట్లుగా పేర్చాడు: సన్నాహం, పొదగడం, స్ఫురణ, సరిచూడడం. మన పరీక్షల పద్ధతి మొదటి మెట్టునూ నాలుగో మెట్టునూ మాత్రమే గుర్తిస్తుంది. కోడి గుడ్ల మీద కూర్చున్న ఇరవై ఒక్క రోజులనూ వృథా కాలం కింద లెక్కవేసినట్టు ఉంటుంది.

ఓడ అడుగున

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రామన్ డెక్ మీద నిలబడి సముద్రం చూస్తున్నప్పుడు, అదే ఓడ అడుగున బాయిలర్ గదిలో పారలతో బొగ్గు ఎగదోసేవాళ్ళు ఉన్నారు. పి అండ్ ఓ ఓడల్లో ఆ పని చేసేవారిలో ఎక్కువమంది మన దేశపు నావికులే, లాస్కర్లు అనేవారు. వాళ్ళకూ విసుగు ఉండి ఉంటుంది. కాని అది ఒళ్ళు హూనమయ్యే విసుగు, ఆలోచనకు చోటివ్వని విసుగు. అల్లసాని పెద్దన చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటు పద్యంలో, కవిత్వం రావాలంటే అలజడి లేని చోటు, కర్పూర తాంబూలం, మంచి భోజనం, ఊగడానికి ఉయ్యాల మంచం ఉండాలని ఒక జాబితా ఉంది. నవ్వుకోవడానికి చెప్పినా అందులో నిజం ఉంది. ఆ మంచం ఊపేవాడికి, తాంబూలం చుట్టేవాడికి కవిత్వం రాయడానికి తీరిక ఎవరిచ్చారు? ఇంట్లో రెండు పూటలా వంటగదిలోనే ఉండే మీ అక్కకూ, మీకూ ఏమీ తోచని మధ్యాహ్నాలు సమానంగా ఉన్నాయా అన్నది మీరే లెక్క చూసుకోండి.

ఖాళీగా ఉండని మెదడు

మనం ఖాళీగా ఉన్నప్పుడు మెదడు కూడా ఖాళీగా ఉంటుందా? 1924లో జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేశాడు. కళ్ళు మూసుకుని ఊరికే పడుకున్నవాడిలోనూ అవి ఆగలేదు. మన బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిలో శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం దానికే ఖర్చు. 1955లో లూయీ సోకొలాఫ్, ఆయన సహచరులు మనుషుల చేత మనసులో లెక్కలు చేయించి కొలిచారు. ఊరికే పడుకున్నప్పటికన్నా మెదడు మొత్తం మీద వాడే ఆక్సిజన్ చెప్పుకోదగినంత పెరగలేదు. లెక్క చేయకముందే అది దాదాపు నిండుగా పనిచేస్తోందన్నమాట.

ఏం పని? మెదడు చిత్రాలు తీసే యంత్రాలు వచ్చాక, ఒక విచిత్రం కనబడింది. ఏదైనా పని అప్పగించగానే మెదడులోని కొన్ని ప్రాంతాల చురుకుదనం తగ్గేది. పని ఆపి విశ్రాంతి తీసుకోమంటే మళ్ళీ పెరిగేది. మొదట్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2001లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్కస్ రైకల్ బృందం ఇది మెదడు సహజ స్థితి అని ప్రకటించింది. ఆ ప్రాంతాల అల్లికకు డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అని పేరు వచ్చింది. జరిగినవి గుర్తుచేసుకోవడం, జరగబోయేవి ఊహించడం, ఎదుటివాడి మనసులో ఏముందో తలపోయడం, ఇవన్నీ ఈ అల్లికతో ముడిపడి ఉన్నాయి. పరధ్యానంలో మనం చేసే పనులు సరిగ్గా ఇవే కదా.

అంతమాత్రాన పరధ్యానం వల్ల సృజన పుడుతుందని నిరూపించినట్టు కాదు. ప్రయోగాలు ఏమంటున్నాయో చూద్దాం. 2014లో ఇంగ్లండులో శాండీ మాన్, రెబెకా కాడ్‌మన్ కొందరి చేత పదిహేను నిమిషాలు టెలిఫోన్ డైరెక్టరీలోని నంబర్లు ఎత్తి రాయించారు. ఆ తరువాత రెండు ప్లాస్టిక్ కప్పులతో ఎన్ని ఉపయోగాలు ఉన్నాయో చెప్పమన్నారు. ఆ విసుగు పని చేయనివారికన్నా చేసినవారు ఎక్కువ చెప్పారు. 2012లో అమెరికాలో 145 మంది మీద చేసిన మరో పరిశోధనలో, మధ్యలో తేలికైన పని ఇచ్చి మనసు తిరగడానికి వీలు కల్పిస్తే, అంతకుముందు చూసిన సమస్యలకు కొత్త జవాబులు బాగా పెరిగాయి. పత్రికలన్నీ దీన్ని ఎత్తుకున్నాయి. కాని 2021లో అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినవారికి ఆ ఫలితం రాలేదు. ఈ సంగతి మాత్రం పత్రికల్లో అంతగా రాలేదు.

ఇంకోవైపు చూస్తే, 2010లో 2,250 మందిని ఫోన్ల ద్వారా రోజులో అప్పుడప్పుడు పలకరించిన హార్వర్డ్ పరిశోధకులకు తేలింది ఇది: మేలుకుని ఉన్న సమయంలో 46.9 శాతం సార్లు వాళ్ళ మనసు చేస్తున్న పని మీద లేదు, అలా లేనప్పుడు వాళ్ళు అంత సంతోషంగానూ లేరు. పాఠం వింటూ పరధ్యానంలో పడితే పాఠం పోతుంది. వాహనం నడుపుతూ పడితే ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఈ వ్యాసం చూపించి తరగతిలో కిటికీలోంచి చూడటానికి మీ మాస్టారిని అనుమతి అడగకండి.

మరి మీ సంగతి ఏమిటి? తెల్లవారుజాము 5 గంటల స్టడీ అవర్ నుంచి రాత్రి 10 గంటల స్టడీ అవర్ దాకా నింపేసిన కాలపట్టికలు మన రెసిడెన్షియల్ కాలేజీల్లో చాలామందికి తెలుసు. వాటి నడుమ మిగిలిన పది నిమిషాలను ఫోను తీసుకుంటుంది. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో టిమోతీ విల్సన్ బృందం మనుషులను ఒక్కరినే గదిలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమంది. గదిలో ఉన్నదల్లా కరెంటు షాక్ ఇచ్చే మీట. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బులైనా ఇస్తామని ముందు చెప్పినవారిలోనే, 18 మంది మగవారిలో 12 మంది, 24 మంది ఆడవారిలో ఆరుగురు కనీసం ఒక్కసారైనా ఆ మీట నొక్కుకున్నారు! ఇక 2024లో టొరంటో పరిశోధకులు చూపించింది ఏమిటంటే, విసుగు తప్పించుకోవడానికి ఒక వీడియో మధ్యలో వదిలి ఇంకోదానికి దూకేవాళ్ళకు విసుగు తగ్గలేదు, పెరిగింది. చంద్రశేఖర్ ఓడ ఎక్కిన 1930లోనే బెర్ట్రాండ్ రస్సెల్ సుఖం గురించి రాసిన పుస్తకంలో విసుగు మీద ఒక అధ్యాయమే పెట్టి, కొంత విసుగు భరించడం పిల్లలకు చిన్నప్పుడే అలవాటు కావాలని వాదించాడు. అప్పటికింకా టెలివిజన్ కూడా ఇళ్ళలోకి రాలేదు.

రామన్ చేసిన పరిశీలన మీరూ చేయవచ్చు. నికల్ పట్టకం అక్కరలేదు, పోలరాయిడ్ చలవ కళ్ళద్దాలు చాలు. అరువు తెచ్చుకున్నా ఫరవాలేదు. గాలి లేని పూట, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు ఏదైనా చెరువు గట్టుకో, పెద్ద నీళ్ళ తొట్టి దగ్గరికో వెళ్ళండి. మీ కన్ను నీటికి మీటరున్నర ఎత్తులో ఉంటే, సరిగ్గా రెండు మీటర్ల దూరంలోని నీటిని చూడండి. అక్కడికి 53 డిగ్రీల కోణం వస్తుంది. అద్దాన్ని కంటి ముందు పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒకచోట నీటి మీది తళుకు తెర తీసినట్టు తొలగిపోయి, అడుగున ఉన్న నాచు, చేపపిల్లలు, నీటి అసలు రంగు కనిపిస్తాయి. అక్కడి నుంచి పావు చుట్టు తిప్పితే ఆకాశం మళ్ళీ వచ్చి నీటి మీద కూర్చుంటుంది. ఒక పూటంతా పట్టినా పట్టవచ్చు. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళండి, నీళ్ళలో పడుతుంది.